ఇరవై మూడు కిలోల సూట్‌కేసు గారికి ప్యాకింగ్ కమిటీ విన్నపం

మహారాజశ్రీ సూట్‌కేసు గారికి,

డాలస్ శివార్లలోని తెలుగు క్రైస్తవ సంఘాల్లో, సేవ కోసం వెళ్లే కెన్యా మిషన్ ట్రిప్పుకు సామాన్లు సర్దే కమిటీల తరఫున వందనాలు చేసి రాసుకునే విన్నపం.

ట్రిప్పుకు నాయకులు పాస్టర్ గారని నోటీసు బోర్డులో ఉంటుంది. అసలు పెత్తనం తమరిదే. విమానంలో మనిషికి రెండు పెట్టెలు, పన్నెండు మందికి ఇరవై నాలుగు, వెరసి 552 కిలోలు. ఈ లెక్క తేలిన ఆదివారం నుంచి ‘అక్కడ వాళ్లకి ఏం కావాలి?’ అని అడిగేవారుండరు, ‘ఇంకా ఎంత పడుతుంది?’ అనే వారే అందరూ. అక్కడి క్లినిక్ నర్సమ్మ గారు ఏ సైజు గ్లౌజులు కావాలో వాట్సాప్‌లో పెట్టిన మెసేజీ గుడ్ మార్నింగుల కింద పడిపోతుంది. ఫెలోషిప్ హాల్లో విరాళాల అట్టపెట్టె మాత్రం పొంగిపొర్లుతుంది.

ముందు తమరి బిరుదు సంగతి. కాగితం మీద 23 కిలోలు. డాలస్ కౌంటర్లో తూచేది పౌండ్లలో, హద్దు 50. అంటే 22.68 కిలోలు. సరిగ్గా 23కి సర్దిన భక్తులు మూడు వందల గ్రాముల దగ్గర దొరికిపోతారు. క్యూలో అందరి ముందూ తమరిని నేల మీద వెల్లకిలా పడేసి, బైబిలు కథల పుస్తకాలు తీయాలా, బ్యాండేజీలు తీయాలా అని కమిటీ మీటింగు పెడతారు. అందుకే 22 దగ్గర ఆపమంటాం. ఇంట్లో కొక్కేనికి వేలాడదీసే త్రాసు, ఎయిర్‌పోర్టు త్రాసు ఒకే మాట చెప్పవు. పైగా చక్రాలున్న గట్టి పెట్టెగా అవతరిస్తే తమరి సొంత ఒళ్లే నాలుగైదు కిలోలు. ఆ బరువుకి సబ్బులొస్తాయి.

మందుల విషయంలో తమరి దురాశకి అడ్డే లేదు. సీసాలు చోటు తింటాయని మాత్రలన్నీ జిప్ కవర్లలోకి ఒంపిస్తారు. ఆ క్షణంలో మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. మిగిలింది రంగు గోళీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల విరాళాల మీద 1996లోనే నియమాలు రాసింది: అవతలి వాళ్లు అడిగినవే పంపాలి, చేరేటప్పటికి కనీసం ఏడాది గడువుండాలి, ఒక రోగికిచ్చాక మిగిలినవి పనికిరావు. మన అట్టపెట్టెలో పడేవి సగం వాడిన దగ్గు సిరప్పులు. కెన్యాలో ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు అనుమతి ముందుగా తెచ్చుకోకపోతే, మంచి మందులైనా నైరోబీ కస్టమ్స్ దగ్గరే ఆగిపోతాయి. ప్రార్థన చేసుకోండి, కాదనం. ఆ కాగితం కూడా తెచ్చుకోండి.

పాత బట్టల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. నైరోబీలో గికోంబా అనే బజారుంది. విదేశాల నుంచి బేళ్లకు బేళ్లు దిగే పాత బట్టలు, అక్కడి వాళ్లు ‘మితుంబా’ అంటారు, గుట్టలు పోసి అమ్ముతారు. మనం విమానంలో టీషర్టులు మోసుకెళ్లడం కోనసీమకి కొబ్బరికాయలు పంపడమే. వాటిని చుట్టిన ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు మరో తద్దినం. ఆ దేశం 2017 ఆగస్టు 28 నుంచి వాటిని నిషేధించింది. గుడ్డ సంచులు వాడండి.

ఇక తమరి గర్భంలో జరిగే ఘోరం. గాజుగుడ్డ చుట్టల పక్కన ఆవకాయ సీసా. పైన గాలి ఒత్తిడి మారేసరికి మూత సందులోంచి నూనె జారి, స్టెరైల్ అని అచ్చేసిన కాగితం కవర్లలోకి ఇంకుతుంది. గాయానికి కట్టాల్సిన కట్టు అన్నంలోకి తయారవుతుంది. పచ్చడి లేకుండా పదిరోజులు బతకలేని వాళ్లు మూత కింద ప్లాస్టిక్ ఫిల్మ్ వేసి, చుట్టూ టేపు చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, సొంత బట్టల మధ్యే దాచుకోవాలి. వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) పిల్లల కోసం కొన్న మెరుపుల పొడికీ అదే శిక్ష.

నెబ్యులైజర్ (మందును ఆవిరిలా పీల్చే యంత్రం) వేశారు, సంతోషం. అది అమెరికా 120 వోల్టులది, అక్కడ గోడలో ఉండేది 240. మూడు పలక పిన్నుల అడాప్టర్ పిన్నును మారుస్తుంది గానీ కరెంటును మార్చదు. పెట్టిన నిమిషానికి పొగ. కింద చీటీ మీద ‘100–240’ అని ఉంటేనే తీసుకెళ్లండి. ఫుట్‌బాల్స్ గాలి తీసి ఇరవై సర్దారు, పంపు సర్దారు, గాలి కొట్టే సూది మాత్రం గ్యారేజీలోనే ఉండిపోతుంది. సూదులు నాలుగు కొని నాలుగు పెట్టెల్లో వేయండి. గ్లౌజులన్నీ ఒకే పెట్టెలో వద్దనేదీ అందుకే: కనెక్టింగ్ ఫ్లైట్లో ఆ ఒక్కటే తప్పిపోతుంది. ప్రతి పెట్టెకీ నంబరు, లోపలి సరుకు, ఎన్ని, విలువెంత రాసిన జాబితా చేతి సంచిలో ఒకటి, ఫోన్లో ఫొటో ఒకటి. లోపల మాత్రమే పెట్టిన జాబితా పెట్టెతోనే పోతుంది.

1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటల్లోని తెలుగు కూలీల దగ్గరికి మిషనరీగా వెళ్లారు. పంపింది తెలుగు బాప్టిస్టులే. ఆయన అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయారు. మనకి పదో రోజున రిటర్న్ టికెట్టుంది, అందుకే మనిషి తిరిగొచ్చినా సామానైనా అక్కడ ఉంటుందని తమరిని కుక్కుతున్నాం కాబోలు.

కాబట్టి మనవి. ముందు నర్సమ్మ గారి మెసేజీ వెతికి పట్టుకుంటాం. సబ్బులు, నోటు పుస్తకాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దోమతెరలు నైరోబీ కొట్లలోనే కొంటాం. అక్కడి కొట్టువాడికీ బేరం, మనకీ బరువు తప్పుతుంది. అక్కడ దొరకనివీ, వాళ్లు అడిగినవీ మాత్రం తమరికి సమర్పిస్తాం: చత్వారానికి కొత్త రీడింగ్ గ్లాసులు (+1.50, +2.00, +2.50 ముందుగా అయిపోతాయి), బీపీ చూసే కఫ్‌లు, పెద్ద సైజుతో సహా. తమరు సగం ఖాళీగా వెళ్తే చిన్నబుచ్చుకోవద్దు.

ఇట్లు,
ప్యాకింగ్ కమిటీ

తా.క.: పక్క జేబులో ఎవరో పవర్ బ్యాంక్ పెట్టారు. చెక్ఇన్ లగేజీలో అది నిషిద్ధం. తీసి చేతి సంచిలో వేయమన్నామని యూత్ వాళ్లకి చెప్పండి.