కూపన్ల బల్ల దగ్గర దొంగనోటు

మన సంఘం దీపావళి వేడుకల లెక్కల్లో ఇరవై డాలర్ల దొంగనోటు ఒకటి తేలిన సంగతి మీకందరికీ తెలిసిందే. ఆ తరువాత జరిగినదే నాకింకా మింగుడు పడడం లేదు. భోజనం కూపన్ల బల్ల దగ్గర కూర్చున్న, ఎం.ఎస్. చదువుతున్న అబ్బాయిని కార్యవర్గం మూడుసార్లు పిలిపించింది. వాట్సాప్‌లో రెండు వారాలు విచారణ సాగింది. దొంగనోట్ల ముఠాల వెంటపడే సినిమాలు మనవాళ్లు కాస్త ఎక్కువగానే చూసినట్టున్నారు.

ఆ సాయంత్రం నేనూ ఆ బల్ల మీద రెండు ఇరవైలు పెట్టాను. అది నా నోటు కాదని ప్రమాణం చేయలేను. నన్నెవరూ అడగలేదు. శాశ్వత సభ్యుణ్ని, పైగా తల నెరిసినవాణ్ని.

నోటును వెలుతురుకు ఎత్తి చూడలేదేమని అతన్ని నిలదీశారు. చూస్తే నోటు మీది అధ్యక్షుడు జాక్సన్ నీడబొమ్మ, కాగితంలోని నిలువు దారం కనిపించాలి, నిజమే. కానీ గారెలు అయిపోతాయేమోనని మనం ఒకరినొకరు తోసుకుంటూ అతని మీద పడుతున్నామే, అప్పుడా? ఊళ్లో మా నాన్న ప్రతి నోటునూ ఎత్తి చూసేవారు. చిరిగిన అయిదు రూపాయల నోటుకు అన్నం మెతుకుతో కాగితం అతికించి, నాలుగు మడతలు పెట్టి, చీకటి పడ్డాక చివరి బస్సు కండక్టరు చేతిలో పెట్టిందీ ఆయనే. చిరిగినది దొంగనోటు కాదులెండి. అయినా అప్పుడాయన మొహంలోని అమాయకత్వం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంట్లో దాన్ని లౌక్యం అనేవాళ్లం.

అసలు దొంగనోట్లు వేసినవాడి కథ ఒకటి చెబుతాను. మనకు హడ్సన్ నదికి అవతల, న్యూయార్క్ మాన్‌హాటన్‌లో ఎమెరిక్ యూట్నర్ అనే ముసలాయన ఉండేవాడు. భార్య పోయింది, పాత సామాన్లు ఏరుకుంటే పొట్ట గడవలేదు. 1938లో వంటింట్లో చిన్న అచ్చుయంత్రం పెట్టి ఒక్క డాలరు నోట్లు వేయడం మొదలుపెట్టాడు. నాసిరకం కాగితం; ఒక అచ్చులో వాషింగ్టన్ పేరులో అక్షరాలు కూడా తారుమారు. ఒక్కొక్కరికీ ఒకటే ఇచ్చేవాడు. దొంగనోట్లను అరికట్టడానికే 1865లో పుట్టిన సీక్రెట్ సర్వీసు, 880 నంబరు ఫైలు తెరిచి పదేళ్లు వెదికింది. చివరికి అతని ఇంట్లో మంటలు లేచి, బయట పారేసిన చెత్తలో ఆ నోట్లు పిల్లల కంటపడ్డాయి. 1948లో దొరికాడు. శిక్ష ఏడాది మీద ఒక రోజు, జరిమానా ఒక డాలరు. నాలుగు నెలలకే బయటికొచ్చాడు.

అతను దొంగే, ఒప్పుకున్నాడు కూడా. అయినా అతని పేదరికాన్నీ వయసునూ చూసి కనికరించినవాళ్లున్నారు. మన అబ్బాయి ఏమి చేశాడని?

కోశాధికారి గారి ఇబ్బంది నాకు తెలుసు. దొంగనోటు అప్పగిస్తే బదులు రాదు, లెక్క చెప్పవలసింది ఆయనే. అందుకే అడుగుతున్నాను: ఆ ఇరవై నా పేర రాసుకోండి. అధ్యక్షులవారు ఒకసారి ఫోను చేసి, ఉగాదికి కూపన్ల బల్ల దగ్గరికి ఆ అబ్బాయినే పిలవండి. పక్క కుర్చీలో నేను కూర్చుంటాను, నోట్లు నేను ఎత్తి చూస్తాను.