నీరు ముందు వచ్చింది, తుపాకీ తరవాత

ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం నిండాక 151 ఊళ్లు దాని వెనక చిక్కుకుపోయాయి. మూడు వైపులా నీరు, నాలుగో వైపు ఆంధ్ర కొండలు. అందరి నోటా అది ‘కటాఫ్ ఏరియా’ అయింది. ఆ నీటితో రెండు రాష్ట్రాలూ కరెంటు తీశాయి. ఊళ్లకు మాత్రం లాంచీ, నాటుపడవ మిగిలాయి. ఉప్పు కావాలన్నా ఆంధ్రలోని ముంచింగిపుట్టు, పెదబయలు వైపు కొండ దిగాల్సి వచ్చేది.

బలహీన రాజ్యమంటే పోలీసులు చాలని రాజ్యమని చాలామంది లెక్క. మరి అంత ఆనకట్ట కట్టిన ప్రభుత్వాలకు ఒక వంతెన కట్టడానికి దశాబ్దాలు ఎందుకు పట్టింది? ఆ ఖాళీలోకి మావోయిస్టులు వచ్చారు. ఆ తరవాత వాళ్ల భయంతో గుత్తేదార్లు వెనకాడారు. దాంతో పని ఆగడానికి సాకు కూడా దొరికింది.

2008 జూన్ 29న జలాశయంలో లాంచీపై మావోయిస్టులు జరిపిన దాడిలో 38 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నక్సల్స్ ఏరివేతకు ఆంధ్ర పోలీసులు పెట్టుకున్న గ్రేహౌండ్స్ దళం జవాన్లు. 2011 ఫిబ్రవరిలో ఏకంగా మల్కనగిరి కలెక్టర్ వినీల్ కృష్ణనే ఎత్తుకుపోయారు. తన కలెక్టర్‌ను తాను తెచ్చుకోవడానికి ఒడిశా ప్రభుత్వం ప్రొఫెసర్ హరగోపాల్ వంటి మధ్యవర్తుల మీద ఆధారపడింది.

ఇవి పత్రికలకెక్కిన భయాలు. ఎక్కనివి ఇళ్లలో ఉండేవి. రాత్రి అన్నలు వచ్చి అన్నం పెట్టమనేవారు. తెల్లారితే పోలీసులు వచ్చి ఎవరికి పెట్టావనేవారు. పెడితే కేసు, పెట్టకపోతే ఇన్ఫార్మర్ ముద్ర. ఆ ముద్ర పడ్డవాడికి ప్రజాకోర్టే ఆఖరి కోర్టు. గిరిజనుడి పేరు చెప్పుకొని గిరిజనుణ్నే చంపడాన్ని ఏ సిద్ధాంతమూ కడగలేదు.

కటాఫ్ ఊళ్లను బయటికి కలిపే 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జులై 26న రాకపోకలకు తెరుచుకుంది. అంతా వంతెన మహిమే అనను. అంతకు దాదాపు రెండేళ్ల ముందే ఆ ప్రాంతంలోని రామగూడ దగ్గర పోలీసుల కాల్పుల్లో పాతిక మందికి పైగా మావోయిస్టులు హతమయ్యారు. కానీ తూటా ఖాళీ చేసిన చోట రోడ్డు, నర్సు, పంతులు నిలబడకపోతే ఆ చోటు మళ్లీ ఖాళీయే.

ఇదే సరిహద్దులో సాలూరు పక్కన కొటియా ఉంది. అక్కడి 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ కొట్లాడుకుంటున్నాయి. 1968లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. కటాఫ్ ఊళ్ల కోసం ఎవరూ ఇలా పోట్లాడలేదు, నీళ్లు పంచుకుని ఊరుకున్నారు. కొటియాలో మాత్రం పోటీపడి పథకాలిస్తారు. అక్కడివాళ్లు రెండు రాష్ట్రాల కార్డులూ జాగ్రత్తగా దాచుకుంటారు, ఏది ఎప్పుడు చెల్లుతుందో తెలియక.