డాక్టర్ గారి చూపు ఎటు వైపు?

అమ్మకి తల తిరుగుతోందంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మేం వెళ్లి కూర్చునేసరికే ఆయన కంప్యూటర్‌లో అమ్మ రక్త పరీక్షల రిపోర్టు తెరిచి ఉంది. "ఎప్పటి నుంచమ్మా?" అన్నారు, చూపు తిప్పకుండానే. "మొన్న పిల్లలొచ్చి వెళ్లారు కదండీ, అప్పటి నుంచి..." అని అమ్మ మొదలుపెట్టింది. "అంటే ఎన్ని రోజులు?" అమ్మ కంగారుగా నా వైపు చూసింది. పది రోజులన్నాను నేను. కీబోర్డు టకటకలాడింది. రిపోర్టులన్నీ నార్మల్. ఓ మాత్ర రాసిచ్చారు.

లేచి తలుపు దాకా వచ్చాక అమ్మ ఆగింది. "బీపీ మాత్రలు రెండు రకాలవీ వేసుకుంటున్నాను, ఫర్వాలేదా బాబూ?" అంది. అప్పుడాయన కుర్చీ తిప్పారు. సంచిలోంచి రెండు షీట్లూ తీయించి వెనక్కి తిప్పి చదివారు. కంపెనీలు వేరు, పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. పది రోజులుగా అమ్మ డబుల్ డోసు వేసుకుంటోంది. పిల్లలు వెళ్తూ వెళ్తూ కొనిచ్చిన కొత్త షీటు అది, పాతది ఇంకా అయిపోలేదు. అమ్మ మొట్టమొదట చెప్పబోయిందీ ఆ సంగతే.

ఆయన చెడ్డ డాక్టరేమీ కాదు. రాసిన మాత్ర వెంటనే కొట్టేశారు, అమ్మకి రెండుసార్లు విడమరిచి చెప్పారు. అయితే ఆ రోజు నుంచి నాకొకటి గట్టిగా అనిపిస్తోంది. డాక్టరు, రోగి మధ్య మాట గురించి మనం మాట్లాడేటప్పుడు దాన్ని మర్యాద కింద, మంచితనం కింద జమ కడుతున్నాం. ఉంటే సంతోషం, లేకపోయినా వైద్యం ఆగదన్నట్టు. కానీ వినడమే వైద్యంలో సగానికి పైగా పని.

ఇది నా ఒక్కడి అనుభవంతో అంటున్న మాట కాదు. 1975లో బ్రిటన్‌లో ఓపీకి కొత్తగా వచ్చిన 80 మంది రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది. వాళ్లలో 66 మందికి, రోగి చెప్పిన వివరాలతో డాక్టరు ఊహించిన జబ్బే చివరికి ఖాయమైంది. చేత్తో పరీక్షించడం వల్ల, ల్యాబ్ టెస్టుల వల్ల అభిప్రాయం మారింది చాలా కొద్దిమంది విషయంలోనే. స్కానింగులు ఇంతగా లేని కాలం కదా అనొచ్చు. నిజమే. కానీ ఏ స్కానింగ్ చేయించాలో తేల్చేది కూడా రోగి మాటే.

మరి ఆ మాట ఎంతసేపు సాగనిస్తున్నారు? 1984లో అమెరికాలో 74 సంప్రదింపులను రికార్డు చేసి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడ్డారు. 2018లో వచ్చిన మరో పరిశీలనలో, అడ్డుపడిన సందర్భాల్లో ఆ సమయం 11 సెకన్ల దగ్గర తేలింది. వదిలేస్తే గంటలు చెబుతారన్న భయం డాక్టర్లకి ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో 335 మంది రోగులను అసలు ఆపకుండా మాట్లాడనిచ్చి చూశారు, 2002లో. సగటున తీసుకున్న సమయం 92 సెకన్లు. నిమిషన్నర!

1984 నాటికి డాక్టర్ల బల్లల మీద కంప్యూటర్లు ఎక్కడున్నాయి? అడ్డుపడే అలవాటు తెర కన్నా పాతది. అందుకే నేను నేరమంతా టెక్నాలజీ మీద వేయను. 1816లో పారిస్‌లో లేనెక్ అనే డాక్టరు ఒక యువతి గుండె వినాల్సి వచ్చింది. ఛాతీకి చెవి ఆనించడం బాగుండదని కాగితాన్ని గొట్టంలా చుట్టి పెట్టి విన్నారు. స్టెతస్కోప్ అలా పుట్టింది. ఆ పరికరం డాక్టరును రోగి నుంచి ఓ జానెడు దూరం జరిపింది. అయినా రోగి మీదికి వంగాల్సిందే, ఊపిరి పీల్చమని చెప్పాల్సిందే, చూపు రోగి మీదే ఉండాలి. కంప్యూటర్ తెర అలాంటిది కాదు. దాన్ని చూడాలంటే రోగిని చూడటం మానాలి.

2012లో ఒక వైద్య పత్రికలో ఏడేళ్ల పాప గీసిన బొమ్మ అచ్చయింది. తను డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పటి దృశ్యం అది. పరీక్ష బల్ల మీద పాప, పక్కన ఇంట్లోవాళ్లు. డాక్టరు మాత్రం ఓ మూల అటు తిరిగి కంప్యూటర్‌లో ఏదో కొడుతున్నారు. ఎవరూ గీయమని చెప్పని వివరం. పిల్లలు చూసిందే గీస్తారు.

ఆ కొట్టడం కూడా డాక్టర్లు సరదా కొద్దీ చేసేది కాదు. అమెరికాలో నాలుగు విభాగాల డాక్టర్ల పనిని వెంట ఉండి గమనించినప్పుడు, రోగులతో గడిపిన ప్రతి గంటకీ దాదాపు రెండు గంటలు రికార్డులకీ బల్ల పనికీ పోతున్నాయని తేలింది. 2016 నాటి లెక్క ఇది. ఆ రికార్డుల్లో పనికొచ్చేవి బోలెడున్నాయి. ఏ మందు పడదో, పోయినసారి షుగర్ ఎంతుందో వెతుక్కోకుండా దొరుకుతుంది. కానీ బిల్లింగ్ కోసం, ఆడిట్ కోసం నింపే గడులూ అందులోనే ఉన్నాయి. వాటి భారం రోగి నిమిషాల మీదే పడుతోంది.

ఇప్పుడు ఏఐ వచ్చింది. గదిలో మాటలు విని నోట్స్ తనే రాసి పెట్టే సాఫ్ట్‌వేర్ చాలా ఆసుపత్రుల్లో వాడుకలోకి వస్తోంది. రాసినదాన్ని డాక్టరు సరిచూసుకోవాలి, రోగి అనుమతి ముందే తీసుకోవాలి. ఆ రెండూ జరిగితే నేను దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. డాక్టరు చేతులూ కళ్లూ ఖాళీ అవుతాయి. నా టెన్షన్ అంతా మిగిలిన టైమ్ గురించే. రోగికి పది నిమిషాలు మిగిలితే యాజమాన్యం ఆ పది నిమిషాల్లో ఇంకో రోగిని కూర్చోబెడితే? అప్పుడు యంత్రం బాగుపరిచింది క్యూని మాత్రమే. ఇది ఇంజనీర్లు తేల్చే సంగతి కాదు, ఆసుపత్రి నడిపేవాళ్లు తేల్చాలి. దీని గురించి రోగులం మనమూ గట్టిగా అడగాలి.

2023లో వచ్చిన ఒక అధ్యయనాన్ని చాలామంది చెబుతుంటారు. ఆన్‌లైన్‌లో జనం అడిగిన 195 ఆరోగ్య ప్రశ్నలకు డాక్టర్లు, చాట్‌జీపీటీ ఇచ్చిన జవాబులను వైద్య నిపుణులకు చూపిస్తే, దాదాపు 79 శాతం సార్లు చాట్‌బాట్ జవాబే నచ్చింది. సానుభూతి కూడా దానిలోనే ఎక్కువ కనిపించిందట. యంత్రానికి మనసుందని దీనర్థం కాదు. డాక్టర్ల జవాబులు సగటున 52 పదాలు, చాట్‌బాట్‌వి 211. పని మధ్యలో నాలుగు ముక్కలు రాసే మనిషికీ, తొందరే లేని యంత్రానికీ పోటీ పెట్టారు. డాక్టరుకీ కాస్త తీరిక ఉంటే ఏం రాసేవారో ఎవరూ చూడలేదు. పైగా సంచిలోంచి షీట్లు తీయించి చూడాలంటే ఎదురుగా మనిషి ఉండాలి.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాల్సిన రోజు అమ్మ పొద్దున్నే లేచి మందుల షీట్లన్నీ ఒక డబ్బాలో సర్దుకుంది. "ఆయనే ఉంటారా, వేరే డాక్టరా?" అని అడిగింది. ఆయనే అన్నాను. "అయితే పర్లేదు, మొన్న ఇటు తిరిగి మాట్లాడారు" అంది.