తలుపు దాటని ట్రే

వంటగది తలుపు తెరుచుకుంటుంది. 24 ముక్కలు పేర్చిన ట్రే భుజం ఎత్తున బయటికొస్తుంది. ఆరో అడుగు పడేసరికి దాని మీద మిగిలేవి ఒక లెట్యూస్ ఆకు, ఒక నిమ్మచెక్క, ఎవరో నమిలి పెట్టిన రెండు టూత్‌పిక్‌లు. ఏడో అడుగు వెనక్కి పడుతుంది. పెళ్ళి రిసెప్షన్లలో దీన్నే ‘అతిథులకు స్టార్టర్లు అందించడం’ అంటారు.

తలుపు దగ్గర నిలబడేవాళ్ళ విద్యను తక్కువ చేసి మాట్లాడకూడదు. వాళ్ళు తలుపు వంక చూడరు. తలుపు కింద కదిలే నీడను చూస్తారు. నోరు పిల్లల చదువుల గురించి మాట్లాడుతూనే ఉంటుంది, చెవి మాత్రం తలుపు బందుల మీద ఉంటుంది. కిర్రుమందా, వాక్యం క్రియాపదం దగ్గర ఆగిపోతుంది, చెయ్యి లేస్తుంది. ‘అబ్బే, నేను నూనెవి తినను’ అంటూనే రెండు తీసుకుంటారు. ఒకటి తనకి, ఇంకొకటి వేదిక దగ్గరున్న భార్యకి. ఆవిడ ఎలాగూ ఇప్పట్లో రాదు కాబట్టి, చల్లారిపోతుందన్న బాధతో అదీ తనే తింటాడు. పక్కాయన పరిశోధకుడు. ‘ఇదేంటి బాబూ?’ అంటాడు. ‘కట్లెట్ సార్.’ ‘దేంతో చేశారు?’ కుర్రాడికి తెలియదు, ఎందుకంటే వాడికి ఎవరూ చెప్పలేదు. తెలుసుకుని వస్తానని లోపలికి వెళ్ళి వచ్చేలోపు పరిశోధకుడు మూడు తినేశాడు. నాలుగోది వచ్చిన సమాధానం నిజమో కాదో చూడటానికి. ట్రే ఎత్తి పట్టుకుని హాలు మధ్యకు దూసుకుపోదామని చూసే కుర్రాడికి భుజం మీద ఓ చెయ్యి పడుతుంది: ‘ఏం బాబూ, మేం మనుషుల్లా కనబడట్లేదా?’

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులు ముప్ఫై మంది.

కానీ పాపం, వాళ్ళననేం లాభం? నేరం లెక్కది. 300 మంది అతిథులు. తర్వాత భోజనం ఉంది కాబట్టి గంట సేపటికి తలా 4 నుంచి 6 ముక్కలు చాలు. ఐదు అనుకుంటే 1500. ట్రేకి 24 చొప్పున 63 ట్రేలు. అంటే నిమిషానికి ఒకటి కంటే ఎక్కువే తలుపు దాటాలి. పాతిక మందికో మనిషి చొప్పున 12 మంది ఉంటే ఒక్కొక్కరు ఐదారు సార్లు తిరుగుతారు, ఒక్కో తిరుగుడుకి పది పన్నెండు నిమిషాలు దొరుకుతాయి. హాలు చివరిదాకా నడిచి, ‘వద్దు బాబూ’ అనేవాళ్ళని రెండోసారి అడిగి మరీ తిరిగి రావచ్చు. ఇప్పుడు ఆ 12లోంచి ఎనిమిది మందిని కొట్టేయండి. పూలకి ఖర్చు ఎక్కువైందట, ఇక్కడ సర్దుకోవాలట. మిగిలిన నలుగురూ తలా 16 సార్లు తిరగాలి, ఒక్కోసారికి నాలుగు నిమిషాలు కూడా లేవు. నాలుగు నిమిషాల్లో ఎవడైనా ట్రేని ఎక్కడ ఖాళీ చేస్తాడు? తలుపు దగ్గరే. కుర్రాడికి బుద్ధి లేక కాదు, భాగహారం అలా వచ్చింది.

భోజనం లేకుండా వీటితోనే సరిపెట్టే విందైతే తలా 10 నుంచి 12 దగ్గర మొదలుపెట్టాలి. ‘చిన్న చిన్నవే కదా, ఎవరు తింటార్లే’ అని అక్కడా ఐదే వేయించే ఆర్థికవేత్తలున్నారు. వాళ్ళ ఇళ్ళకి రాత్రి తిని వెళ్ళడం మంచిది.

మెనూ కార్డు సంగతి వేరే. పిట్ట కొంచెం, కూత ఘనం. రెండు వరుసల పేరున్న పదార్థం వేలెడంత ఉంటుంది. అది పర్వాలేదు, నిజానికి వేలెడంతే ఉండాలి. 3 నుంచి 4 సెంటీమీటర్లు, ఒక్క నోటి ముక్క. మనిషికి రెండు చేతులని, వాటిలో ఒకటి గ్లాసు పట్టుకుని ఉంటుందని ఈ శాస్త్రానికి మూలసూత్రం. దీన్ని మరిచిన మహానుభావుడు అరచేయంత టార్ట్, అంటే లోపల క్రీము కూరిన పిండి గిన్నె, చేయిస్తాడు. కొరికితే పెంకు నాలుగు దిక్కులకీ పగులుతుంది. కూరిన క్రీము గడ్డం మీదికి, అక్కణ్ణించి పట్టుబట్టల మీదికి దిగుతుంది. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు ‘ఇటు చూడండి’ అంటాడు.

ఇక మధ్యాహ్నమే కూరి పెట్టిన టార్ట్‌ది ఇంకో జాతకం. కూరినదాంట్లోని తడిని పెంకు పీల్చుకుంటుంది, సాయంత్రానికి తడిసిన అట్టముక్క. కాల్చిన పెంకుల లోపల పల్చగా గుడ్డుసొన పూసి మళ్ళీ రెండు నిమిషాలు ఓవెన్లో పెడితే ఓ పొర కడుతుంది. తీపివైతే కరిగించిన చాక్లెట్ పూయొచ్చు. రొట్టె ముక్కల మీద ఏదైనా పెట్టేటట్టయితే ముందు అంచులదాకా వెన్న. ఏం పూసినా సరే, కూరేది వడ్డనకి అరగంట ముందే. అంటే ఆ అరగంటలో 300 కూరే చేతులు కావాలి. ఆ చేతుల్ని కూడా పూలలో కలిపేశారు కదా.

వేపుళ్ళ దగ్గర తొందర ఇంకా ముచ్చటగా ఉంటుంది. అన్నీ నాలుగింటికే వేయించి, వేడి పోకూడదని డబ్బాలో పోసి మూత బిగిస్తారు. వేడి పోదు నిజమే, ఆవిరీ పోదు. అది మూతకి తగిలి నీళ్ళై మళ్ళీ వేపుడు మీదే రాలుతుంది. ఏడింటికి ట్రేలో వచ్చేది వేపుడు కాదు, దాని సంస్మరణ. జాలీ మీద ఒక్క వరుసగా పరిచి, మూత లేకుండా, సన్నటి సెగ మీద ఓవెన్లో ఉంచితే కొంతసేపు నిలుస్తుంది. అసలైన పద్ధతి ముప్పావు వంతు వేగేదాకా ముందే వేయించి ఉంచుకుని, చివరి విడత 180 డిగ్రీల నూనెలో ట్రేకి సరిపడా మాత్రమే వెయ్యడం. తొందరకి బాణలి నిండా కుమ్మరిస్తే నూనె చల్లబడుతుంది, ముక్క వేగదు, నూనె తాగుతుంది. అయితే మాంసమూ రొయ్యా సగం ఉడికించి బయట పెట్టే ప్రయోగాలు వద్దు. అవి పూర్తిగా ఉడకాలి, తర్వాత 60 డిగ్రీల పైనో 5 డిగ్రీల లోపో ఉండాలి. మధ్యలో బల్ల మీద రెండు గంటలకి మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘ఏం కాదులే’ సంస్థ ఇంకోటి చెబుతోంది, దాని మాటకే పెళ్ళిళ్ళలో విలువ.

టూత్‌పిక్‌ల గురించి ఒక్కమాట. 300 మందికి వెయ్యి పుల్లలు పంచుతారు, పారేయడానికి ఒక్క గిన్నె పెట్టరు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే తావు లేదు. అందుకే అవి పూలకుండీల్లో మొలుస్తాయి. ప్రతి ట్రే మీద ఒక చిన్న గిన్నె, తలా మూడు టిష్యూలు. దీనికి సమావేశం అక్కర్లేదు.

ఇంతకీ హాలు ఆ చివర ఎవరున్నారో చూశారా? గోడవారగా కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్ళు. లేవలేరు, తోసుకోలేరు, ‘ఇటు బాబూ’ అని కేకేయడానికి మొహమాటం. ట్రే వాళ్ళకి వెనకవైపు నుంచి మాత్రమే తెలుసు. వాళ్ళలో కొందరు ఏడున్నరకి భోజనమన్న మాట నమ్మి షుగర్ మాత్రో ఇన్సులినో తీసుకుని కూర్చున్నారు. ఫోటోలు తెమలక భోజనం తొమ్మిదిన్నరకి జరిగింది. షుగర్ పడిపోయి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, పక్కవాళ్ళు ‘ఏసీ సరిగ్గా లేదు’ అనుకుంటారు. ఇది నవ్వుకునే విషయం కాదు. పిలిచి, కారు పంపి తీసుకొచ్చి, ముసలావిణ్ణి గోడకి ఆనించి ఆకలితో కూర్చోబెట్టడానికి సిగ్గుండాలి. నలుగురు కుర్రాళ్ళని పదహారేసి సార్లు పరిగెత్తించి, చివర్లో ‘సర్వీసు బాగాలేదు’ అని వాళ్ళ మీదే అరవడానికి ఇంకా సిగ్గుండాలి. ఆ కుర్రాళ్ళు మధ్యాహ్నం నుంచి నిలబడి ఉన్నారు. వాళ్ళు తిన్నారా అని అడిగినవాడు లేడు.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. తలుపు తెరిచేముందే హాలుని భాగాలు చేసి ఎవరి భాగం వాళ్ళకి అప్పగించాలి. ప్రతి విడతలో మొదటి మూడు ట్రేలూ మూత పెట్టి తిన్నగా ఆ చివరికే వెళ్ళాలి, వడ్డన అక్కణ్ణించి వెనక్కి రావాలి. కుర్చీల్లో ఉన్నవాళ్ళ ముందు ట్రే వంచి ఏరుకోమనకూడదు. మెత్తనివి, ఎముకా పుల్లా లేనివి ఆరు పెట్టిన చిన్న ప్లేటు చేతికివ్వాలి. ఏ ముక్కలో వేరుశెనగ ఉంది, దేంట్లో గుడ్డుంది, ఏది శాకాహారం అన్నది కుర్రాళ్ళకి పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పేముందు వాళ్ళకి అన్నం పెట్టాలి.

పరిశోధకుడికి ఇబ్బందేమీ లేదు. ట్రే వెనక్కి వచ్చేసరికి అతను అక్కడే ఉంటాడు.

ఇక వధూవరులు. రెండు గంటలు నవ్వుతూ నిలబడ్డ ఆ ఇద్దరికీ ఒక డబ్బా పక్కన పెట్టించమని ప్రతి కేటరర్‌కీ చెబుతారు, దాని మీద పేరు రాయించడం మాత్రం మరిచిపోతారు. రాత్రి పదకొండింటికి గదిలో డబ్బా తెరుస్తారు. అందులో ఒక లెట్యూస్ ఆకు, ఒక నిమ్మచెక్క.