హన్మకొండ ప్రామాణిక కాలమానం

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే దేశమంతటికీ ఒకే గడియారం చాలని పెద్దలు తేల్చారు. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద టైమ్ ఎంతైతే, దేశంలో ఏ మూలనైనా అంతే. ఆ రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి ఈ విషయంలో తెలుగువాళ్లకు కాస్త గర్వం కూడా ఉంది. అయితే ఆ నిర్ణయం జరిగేనాటికి ఐపీఎల్ లేదు. ఇప్పుడు సాయంత్రం ఏడున్నర దాటిందంటే హన్మకొండ సుబేదారిలోని మా ఒక్క గల్లీలోనే నాలుగు టైములు నడుస్తాయి. ఇది అభివృద్ధి. కాదనేవాళ్ల కోసమే ఈ వ్యాసం.

నయీంనగర్ నుంచి కాజీపేట దాకా ఏ ఛాయ్ హోటల్ ముందు నిలబడ్డా ఒకటే మాట: "ఇప్పటి పోరగాళ్లు ఆటలే ఆడ్తలేరు, ఫోన్లు పట్టుకొని కూసుంటున్నరు." అనేవాళ్ల చేతిలోనూ ఫోనే ఉంటుంది, అందులో స్కోరే ఉంటుంది. ఈ అపవాదును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. మన ఊళ్లో క్రీడలు ఇంతగా ఎప్పుడూ లేవు. కాకపోతే అవి మైదానం వదిలి ప్లగ్గు పాయింటు దగ్గరికి మారాయి.

మా గల్లీ కాలమానం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అందరికంటే ముందుండేది వేపచెట్టు కింద స్కూటీ సీటు మీద కూర్చునే కుర్రాడు. వాడి ఫోన్లో బొమ్మ ఉండదు, ఉత్త అంకెలే. కానీ ఆ అంకె మారిందంటే ఉప్పల్‌లో సిక్సర్ పడ్డట్టే. రెండో స్థానం పక్కింటి రిటైర్డ్ సారుది. ఆయనది పాత డబ్బా టీవీ, మేడమీద తుప్పు పట్టిన డిష్షు. మూడోది మా ఇల్లు: కొత్త 55 అంగుళాల స్మార్ట్ టీవీ, ఫైబర్ నెట్టు, నెలనెలా ఈఎంఐ. చివరి స్థానం మా మీది పోర్షన్లో ఉండే బ్యాచిలర్లది. వాళ్లు ఫోన్లోని బొమ్మను టీవీలోకి పంపించి చూస్తారు కాబట్టి, పై అంతస్తులో ఉన్నా కాలంలో మాకంటే కిందే ఉంటారు.

దీని వెనక సైన్సు ఉంది. సారు టీవీకి వచ్చే బొమ్మ ఉప్పల్ నుంచి దాదాపు 36 వేల కిలోమీటర్లు పైకి, ఉపగ్రహం దాకా వెళ్లి, మళ్లీ అంత దూరం కిందికి దిగి ఆయన డిష్షులో పడుతుంది. దీనికంతా కొద్ది సెకన్లు చాలు. మా ఇంటికి ఆకాశంతో పని లేదు, నేల మీది తీగలోంచే వస్తుంది. కానీ ఆ వీడియోను ముందు కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కనూ పెద్ద టీవీకి ఒకటి, చిన్న ఫోనుకు ఒకటి అని రకరకాల సైజుల్లో తయారు చేస్తారు. అవి సర్వర్లు దాటుకొని వచ్చాక, మధ్యలో నెట్టు ఆగితే పరువు పోకుండా మా టీవీ కొన్ని ముక్కల్ని దాచిపెట్టుకొని నింపాదిగా చూపిస్తుంది. అన్నీ కలిపి ముప్పై, నలభై సెకన్లు. అంటే ఎంత డబ్బు పెడితే అంత పాత వార్త.

మా టీవీలో బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుకుంటుంటాడు. పక్కింట్లోంచి కేక వస్తుంది: "అరె, ఏం కొట్టిండురా!" అంతే, మా ఇంట్లో టెన్షన్ మాయం. ఇది ఆరోగ్యానికి మంచిదే కదా. ఒగ్గు కథలో మల్లన్న ఏమవుతాడో తెలిసే తెల్లవార్లూ కూర్చొని వింటాం. ఆఖరి ఓవర్ కూడా మాకిప్పుడు అట్లాగే ఉంది. అయినా మొదట్లో ఒకసారి గోడ మీంచి మర్యాదగా అడిగి చూశాను.

"సారూ, జర మెల్లగ అరవరాదుండ్రి. మాకింకా రాలే."

"నీకు రాకపోతే నేనేం జెయ్యాలె బిడ్డా? అప్పటికీ కొనేముందు నన్నడుగుమన్న."

ఆ రోజు నుంచి సారుకు తన బలం తెలిసొచ్చింది. ఇప్పుడాయన వికెట్ తన ఇంట్లో చూసి, చెప్పులేసుకొని, మా గేటు తీసి, మా సోఫాలో కూర్చొని, మా టీవీ వైపు వేలు చూపించి "ఈ బాల్‌కు వీడు పోకపోతే నా పేరు మార్చుకుంట" అంటాడు. వాడు పోతాడు. పిల్లలు సారు వైపు గౌరవంగా చూస్తారు. మొన్న మా వీధి చివరి ఆవిడ ఎవరో తన కూతురి పెళ్లి సంబంధం గురించి కూడా ఆయన్ని అడిగిందని విన్నాను. పాత టీవీ ఒక మనిషిని జోస్యుణ్ణి చేసింది. కొత్త టీవీ చేయగలదా?

నాలుగు టైముల వల్ల ఇంకో లాభం: ఆనందం నాలుగింతలవుతుంది. 2024 ఏప్రిల్ 15న బెంగళూరులో సన్‌రైజర్స్ 3 వికెట్లకు 287 కొట్టారు. అందులో సిక్సర్లే 22. ఒక్కో సిక్సరుకూ నాలుగు విడతల కేకలు. అంటే బెంగళూరువాళ్లు 22 సిక్సర్లు చూస్తే మా గల్లీ 88 విన్నది. అదే ఏడాది మే 26న చెన్నైలో ఫైనల్. మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ బౌల్డ్, ఆఖరికి 113కే ఆలౌట్. ఆ రోజు మా స్మార్ట్ టీవీ విలువ తెలిసింది. పక్కింట్లో "సచ్చిండ్రు పో" అని వినపడ్డా, మా కళ్ల ముందు మాత్రం బ్యాటరు నిక్షేపంగా గార్డు తీసుకుంటూ ఉన్నాడు. వికెట్టుకు అర నిమిషం చొప్పున పది వికెట్లకు ఐదు నిమిషాలు సారుకంటే మేము ఎక్కువ ఆశతో బతికాం. ఈఎంఐలో ఆశ కూడా కలిపి ఇస్తున్నారని షాపువాడు చెప్పనే లేదు.

ఇక మైదానాల్లోనూ సాంకేతికత తక్కువేం కాదు. ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వెళ్లి చూడండి. ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా ఎన్ని మ్యాచులు నడుస్తుంటాయో ఆడేవాళ్లకు కూడా తెలియదు. ఒక మ్యాచులో కవర్స్‌లో నిలబడ్డవాడు ఇంకో మ్యాచుకు వికెట్ కీపర్ వెనకుంటాడు. ఇదివరకు రనౌట్ అంటే ఎవడి గొంతు పెద్దదైతే వాడిదే తీర్పు. లేదంటే బ్యాటు ఎవడిదో వాడిది. ఇప్పుడు బ్యాటు ఓనర్ల రాజ్యం పోయి ఫోను ఓనర్ల రాజ్యం వచ్చింది. రెండు ఇటుకల మధ్య ఫోను నిలబెట్టి, సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్లో తీస్తున్నారు. కాకపోతే క్రీజు మాత్రం చెప్పుతో గీసిందే. అది మూడో ఓవరుకే చెరిగిపోతుంది. కాబట్టి బ్యాటు ఎప్పుడు చేరిందో సెకనులో 240వ వంతు దాకా కచ్చితంగా చెప్పగలరు, ఎక్కడికి చేరిందో మాత్రం జానెడు అటూ ఇటూ.

ఒక తీర్పు నేనే దగ్గరుండి చూశాను. ఇరవై రెండు మంది, పక్క మ్యాచువాళ్లు ఇంకో అరడజను, అందరి తలలూ ఆరంగుళాల స్క్రీను మీద. ఎండ పడకుండా ఒకడు చొక్కా విప్పి గొడుగులా పట్టాడు. ఫోను ఓనరు వేలితో వెనక్కి జరిపాడు, ముందుకు జరిపాడు, మళ్లీ వెనక్కి జరిపాడు.

"ఏదిరా రనౌట్?"

"ఆగన్నా, ముందు బాల్‌ది వచ్చింది. దీనిది రికార్డు గాలే. స్టోరేజ్ ఫుల్ అంటుంది."

"మరి గాలరీల గా పెండ్లి వీడియోలు తీసెయ్ రాదురా!"

"మా అక్కవన్నా."

సందేహ లాభం బ్యాటరుకే ఇవ్వాలన్నది క్రికెట్ ధర్మం. ఇచ్చారు. ఈ చర్చ మధ్యలో డీప్ మిడ్‌వికెట్ ఫీల్డరు గేటు దాకా వెళ్లి, ఇడ్లీ తిని, వచ్చి తన చోట నిలబడ్డాడు. ఎవరూ గమనించలేదు.

అదే గ్రౌండు చుట్టూ పొద్దున్నే తిరిగే పెద్దమనుషుల గురించి చెప్పకపోతే పాపం. స్మార్ట్ సిటీ పథకంలోకి వరంగల్‌ను 2016లో తీసుకున్నారు. రోడ్లు ఎంత స్మార్ట్ అయ్యాయో వానాకాలం వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం గానీ, మణికట్లు మాత్రం నూటికి నూరు పాళ్లు అయ్యాయి. మా బావ వాచీ రోజుకు పదివేల అడుగులు అడుగుతుంది. ఈ పదివేలు ఏ డాక్టరు పెట్టిన లెక్కా కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మిషన్ అమ్ముకోవడానికి ఎంచుకున్న గుండు అంకె అది. ఆ కంపెనీ గిరాకీ కోసం మా బావ ఇప్పటికీ రాత్రి పదింటికి హాల్లో, టీపాయ్ చుట్టూ తిరుగుతున్నాడు.

నిజానికి తిరగక్కర్లేదు. ఆ వాచీకి కాళ్లు కనపడవు. లోపలుండే సెన్సరు చెయ్యి ఊగడాన్నే చూసి అడుగు పడిందనుకుంటుంది. బతుకమ్మ ఆడుతూ చప్పట్లు కొట్టినా, సోఫాలో కూర్చొని చెయ్యి ఊపినా దానికి కొన్ని అడుగులే. ఈ రహస్యం కనిపెట్టాక బావ ఆరోగ్యం బాగా మెరుగుపడింది. లక్ష్మీపురం మార్కెట్లో కూరగాయలెత్తుకొని సుబేదారి దాకా బండి తోసుకొచ్చే అవ్వ ఒకామె ఉంది. ఆమె రెండు చేతులూ బండి కడ్డీ మీదే ఉంటాయి, ఊగవు. అదే వాచీ ఆమె చేతికి కడితే, వచ్చిన కిలోమీటర్లలో చాలా భాగం లెక్కలోకే రాదు. బావ ఆమె దగ్గర కిలో టమాటకు బేరమాడాడు. "ఇరవైకియ్యి అవ్వా, గింతకెవలు కొంటరు?" అని చెయ్యి గట్టిగా ఊపాడు. అడుగులు పడ్డాయి. తోసుకొచ్చిన అవ్వకు కాదు, బేరమాడిన బావకు.

నా వాదనకు అడ్డొచ్చే ఉదాహరణలు ఒకటి రెండు ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. అర్జున్ ఎరిగైసి అని చదరంగం ఆడే మన వరంగల్ అబ్బాయే. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 2024 డిసెంబరు జాబితాలో అతని రేటింగ్ 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. కానీ గంటల తరబడి కుర్చీలో కూర్చొని, అప్పుడప్పుడూ చెయ్యి ఓ జానెడు కదిపితే వాచీ ఏమంటుంది? "చాలాసేపు కూర్చున్నారు, లేచి నిలబడండి" అంటుంది. ఫిడే టోర్నీల్లో స్మార్ట్ వాచీలు పెట్టుకోనివ్వరు. బతికిపోయాడు.

మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సంగతీ అంతే. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. మహిళల 1500 మీటర్లను హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, సునీతా రాణి పేరు మీద 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును తిరగరాసింది. మా గల్లీ నుంచి నడిచిపోయేంత దూరం. పోదామా అని అడిగితే బావ "టీవీల వస్తది తీ" అన్నాడు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది జీవాంజి దీప్తి. పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల, కూలి పని చేసుకునేవాళ్ల బిడ్డ. 2024 మేలో జపాన్‌లోని కోబెలో, ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో టీ20 విభాగం (క్రికెట్ టీ20 కాదు, మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారం తెచ్చింది. ఆ సెప్టెంబరు 3న ప్యారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లకు కాంస్యం. మా స్మార్ట్ టీవీ లెక్కన చూస్తే, తెర మీద ఆమె పరుగు మొదలయ్యేసరికి అక్కడ ప్యారిస్‌లో చివరి మలుపులో ఉండాలి. ఆ రాత్రి మాత్రం మా గల్లీలో ఈ సమస్యే రాలేదు. ముందు అరిచినవాళ్లూ లేరు, వెనక అరిచినవాళ్లూ లేరు. కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాలు కొట్టుకుపోయిన వారం అది, జనం గోల జనానిదని సర్ది చెప్పుకోవచ్చు. కానీ ఐపీఎల్ ఫైనల్ ఆ వారంలో పడి ఉంటే స్కూటీ మీది కుర్రాడు ఏం చేసేవాడో నాకు తెలుసు.

మరునాడు గ్రౌండులో నడుస్తూ బావకు ఈ కబురు చెప్పాను. మన కల్లెడ పిల్ల, నాలుగొందల మీటర్లు, యాభై ఐదు సెకన్ల చిల్లర అన్నాను. బావ ఆగాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత అలవాటుగా మణికట్టు వైపు చూసి, పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నాడు.

"నాలుగొందల మీటర్లంటే మన లెక్కల ఐదొందల యాభై అడుగులు" అన్నాడు. "మరి మిగిలిన తొమ్మిది వేల నాలుగొందల యాభై ఎప్పుడేస్తది పాపం?"