మీక్కూడా శుభాకాంక్షలు, మహానుభావులారా!

పండగ పూట కళ్లు తెరిచేసరికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో 112 మెసేజులు. అందరిదీ అదే పూలగుత్తి బొమ్మ. పైన రెండు బాణాల గుర్తు, అంటే కనీసం 5 చేతులు మారి వచ్చిన సరుకన్నమాట. ఒక్కరైనా చదివారా? చదివుంటే కింద ఎవరిదో ఇంకో ఆఫీసు పేరు అలాగే ఎందుకుంటుంది!

సరే, నావీ అందుకోండి. సెలవుకి ముందురోజు సాయంత్రం 5:55కి "చిన్న పనే, రెండు నిమిషాలు" అంటూ ఫైలు నా నెత్తిన పడేసి, మరుక్షణమే 'సెలవులో ఉన్నాను' అని ఆటో రిప్లై పెట్టుకున్న సార్‌కి శుభాకాంక్షలు. ఫైలు పేరు 'ఫైనల్ కొత్తది ఇదే ఫైనల్'. తెరిస్తే ఖాళీ అండీ, ఖాళీ!

ఆఫీసు మొత్తానికి వచ్చిన మెయిల్‌కి 'రిప్లై ఆల్' కొట్టి "సేమ్ టు యూ" అన్నవాళ్లకీ, "దయచేసి రిప్లై ఆల్ కొట్టకండి" అని మళ్లీ అందరికీ కొట్టిన పెద్దమనిషికీ కూడా.

ఇక "కుటుంబంతో హాయిగా గడపండి" అని రాసి, దాని కిందే మీటింగు లింకు అతికించిన మేనేజరు గారూ, మీకు ప్రత్యేకంగా పంపాను. ఆ పూలగుత్తే. ఇప్పుడు 6 చేతులు.