జుకో మంచివాడవడం ఒక్కటే కారణమా?
'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' యానిమేషన్ ధారావాహికకు విమర్శకుల మన్నన దక్కడానికి, మొదట్లో దుష్టుడిగా కనిపించే యువరాజు జుకో మంచివాడిగా మారడమే కారణమని దానిపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు, కానీ నేను సగం వరకే ఒప్పుకోగలను. దుష్టుడు మనసు మార్చుకోవడం పిల్లల కథల్లో కొత్తేమీ కాదు. ఇక్కడి విశేషమల్లా, రెండో సీజన్ చివర బా సింగ్ సే నగరంలో మారే అవకాశం చేతికందినప్పుడు, తనను కన్నకొడుకులా చూసుకున్న పెదనాన్న ఐరోను కాదని జుకో చెల్లెలు అజులా పక్షాన చేరడం. ఆ పతనాన్ని దాచకుండా చూపించారు కాబట్టే, మూడో సీజన్‌లో గ్రహణం రోజున తండ్రి ఓజాయ్‌ను ఎదిరించి వెళ్లిపోయినప్పుడు మనకు నమ్మబుద్ధవుతుంది. మా చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లకు రాత్రంతా భారతం ఆడతారు. జుకోలాగే మారే అవకాశం వచ్చినా దుర్యోధనుణ్ణి విడిచి రానని కర్ణుడు చెప్పే ఘట్టానికి కునికిపాట్లు పడేవాళ్లు సైతం సర్దుకుని కూర్చుంటారు. 2008 సంవత్సరానికి ఈ ధారావాహికకు పీబాడీ పురస్కారం (అమెరికాలో ప్రసార మాధ్యమాల కృషికి ఇచ్చేది) ఇచ్చినవారు కూడా పాత్రల సంక్లిష్టతనూ, యుద్ధ పర్యవసానాలను చూపిన తీరునూ మెచ్చుకున్నారే తప్ప ఒక్క జుకోను కాదు. వ్యాసంలో ఐరోకు దక్కింది ఒకే వాక్యం, అది అన్యాయం. యుద్ధంలో పోయిన కొడుకు చిత్రపటాన్ని చెట్టు కింద పెట్టి, అగరువత్తులు వెలిగించి, గొంతు పూడుకుపోతుండగా అతను పాడే ఘట్టాన్ని, 2006లో కన్నుమూసిన ఆ పాత్ర గాత్రధారి మాకోకు అంకితమిచ్చారు. ఆ దుఃఖం ముందే చూసి ఉండకపోతే, తర్వాత గుడారంలో జుకో క్షమాపణ పూర్తికాకముందే ఐరో అతణ్ణి కౌగిలించుకోవడానికి అంత బలం వచ్చేది కాదు.